విద్యార్థిని అట, కార్మికురాలు కాదట!

పుదుచ్చేరి పట్టణపు ఉత్తర భాగాన, సముద్రాన్ని ఆనుకుని వైతికుప్పం అనే మత్స్యకారుల పేట ఉన్నది. మాసి మఘ పర్వదినాన చుట్టుపట్ల ఆలయాల ఉత్సవ విగ్రహాలు తీర్థవారికి తరలివచ్చేది ఈ ఒడ్డుకే. ఆ పేటలోని ఒక ఇంటి సంగతి పాఠకుల ముందుంచుతున్నాము.

తండ్రి వేటకు పోతాడు. మత్స్యకారుల కోసం 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన క్రింద ప్రమాద బీమా ఏర్పాటైనది. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా పూర్తి అవిటితనం కలిగినా 5 లక్షల రూపాయలు, పాక్షిక అవిటితనానికి 2.5 లక్షలు, ఆసుపత్రి ఖర్చులకు 25 వేలు నిర్ణయించారు. మత్స్యకారుడు ప్రీమియం చెల్లించనక్కరలేదు, ప్రభుత్వాలే భరిస్తాయి. న్యాయమైన ఏర్పాటు. ఇంకా పెరగవలసిన ఏర్పాటు.

కూతురు సముద్రం మీదికి పోదు. ఫీజు కట్టి ఒక శిక్షణ కేంద్రంలో బ్యూటీ థెరపీ నేర్చుకుంటున్నది. రెండవ నెల నుంచే ఆమె ముందు డబ్బు చెల్లించే ఖాతాదారులను కూర్చోబెట్టారు. "విద్యార్థుల రేటు" అని బోర్డు పెట్టి, ఆ రేటు కేంద్రమే వసూలు చేసుకుంటున్నది. ఒకనాడు వ్యాక్స్ కరగబెట్టే పాత్ర ఒరిగి ఆమె ముంజేయి కాలింది. మందుల ఖర్చు తల్లిదండ్రులు పెట్టుకున్నారు. మేము వెళ్లి అడిగినప్పుడు వచ్చిన సమాధానం ఒక్కటే: "ఆమె మా ఉద్యోగి కాదు, విద్యార్థిని. ఇక్కడ పరిహారం ప్రసక్తి ఎక్కడిది?" మరుసటి వారం ఒక ఖాతాదారు ముఖంపై దద్దురు లేచినందుకు తిరిగి ఇచ్చిన సొమ్మును మాత్రం ఈ విద్యార్థిని చేతనే కట్టించారు. నష్టం వచ్చినప్పుడు ఆమె బాధ్యత గల పనిమనిషి. గాయపడినప్పుడు చదువుకునే పిల్ల!

రైల్వే, తపాలా ఉద్యోగుల పత్రికలో బ్యూటీ పార్లరు గోల ఏమిటని నవ్వే సోదరులు ఉంటారని మాకు తెలియును. నవ్వవచ్చు. కాని గ్యాంగ్‌మన్ కూతురు, పోస్టుమన్ చెల్లెలు, గ్రామీణ డాక్ సేవకుని కోడలు తక్కువ పెట్టుబడితో స్వంత కాళ్లపై నిలబడదామని ఈనాడు ఏ పని నేర్చుకుంటున్నారో ఇంటికి వెళ్లి ఒకసారి విచారించండి. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. పేరు మార్చి మనిషి హక్కును మాయం చేసే ఈ విద్య మనకు కొత్తది కాదు. పల్లె తపాలా బరువు మోసినవారిని "ఎక్స్‌ట్రా డిపార్టుమెంటల్ ఏజెంట్లు" అన్నారు. వారు సివిల్ పోస్టు కలిగినవారేనని 1977లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. పేరు గ్రామీణ డాక్ సేవక్ అని మారిన తరువాత కూడ, వారు రెగ్యులర్ ఉద్యోగులు కారన్న మాట మారలేదు. రైల్వే వర్క్‌షాపులలో యాక్ట్ అప్రెంటిసులను ఎరుగని వారు మనలో లేరు. "ఉద్యోగి కాదు" అన్న రెండు మాటల వెనుక ఎంత సొమ్ము మిగులుతుందో మనకంటె బాగా ఎవరికి తెలియును?

అయితే వర్క్‌షాపు అప్రెంటిసుకు ఉన్నపాటి రక్షణ కూడ ఈ ఆడపిల్లకు లేదు. 1961 అప్రెంటిసుల చట్టపు 18వ సెక్షన్ అప్రెంటిసు కార్మికుడు కాడన్నది. ఆ అన్యాయంపై మన పోరాటం వేరే ఉన్నది. కాని అదే చట్టపు 16వ సెక్షన్, శిక్షణ కారణంగా, శిక్షణ కాలంలో గాయపడిన అప్రెంటిసుకు 1923 నాటి పరిహార చట్ట సూత్రాల ప్రకారం యజమాని పరిహారం చెల్లించాలని విధించింది. (1923 చట్టం ఇప్పుడు సామాజిక భద్రతా స్మృతిలో లీనమైనది, ఆ స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది.) అనగా కార్మికుడు కాడంటూనే, గాయం దగ్గర మాత్రం కార్మికునితో సమానంగా చూడక తప్పలేదు. బ్యూటీ శిక్షణ కేంద్రంలో ఫీజు కట్టిన పిల్లకు అప్రెంటిసు ఒప్పందమే ఉండదు కనుక ఈ సెక్షన్ ఆమెను తాకదు. పార్లరు యజమాని ఒప్పందం వ్రాయదలచినా, నలుగురికంటె తక్కువ మంది పనిచేసే చోటు ఆ ఏర్పాటు పరిధిలోకి రాదు. ఇ.ఎస్.ఐ. నిర్బంధం సాధారణంగా పదిమంది పనిచేసే చోటనే. మన వీధులలోని పార్లర్లలో పదిమంది ఎక్కడ ఉన్నారు?

ఇది అద్దం ముందు కూర్చుని చేసే సుకుమారమైన పని అని భావించేవారు ఒక పూట అక్కడ నిలబడి చూడవలెను. జుట్టు నల్లబరిచే రంగులలోని పారాఫినిలీన్ డయమీన్ అనే రసాయనం వల్ల వేళ్లు పగిలి, దురదలు పుట్టి, కొందరు ఆ వృత్తినే విడిచిపెట్టవలసి వస్తున్నది. జుట్టు తిన్నగా సాగదీసే కొన్ని మందులు వేడి తగలగానే ఫార్మాల్డిహైడ్ ఆవిరిని వదులుతాయి. ఆ ఆవిరి క్యాన్సర్ కారకమని నిర్ధారణ అయినది. జుట్టు కత్తిరించి, రంగులు వేసే వృత్తిని "బహుశా క్యాన్సర్ కారకం" అన్న వర్గంలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1993లోనే చేర్చింది. ఇవిగాక వేడి వ్యాక్స్, విద్యుత్ పరికరాలు, థ్రెడింగ్‌లో గీరుకున్న చర్మం నుంచి వచ్చే రక్తం.

ఖాతాదారుకు కలిగే ముప్పు మరొకటి. 2022లో హైదరాబాదులో 50 ఏళ్ల మహిళ ఒకరు పార్లరులో మెడ వెనుకకు వాల్చి తల కడిగించుకుంటూ ఉండగా కళ్లు తిరిగి, వాంతులై, చివరకు అది పక్షవాతపు పోటు అని తేలింది. మెడలోని రక్తనాళం నొక్కుకుపోవడం వల్ల ఇటువంటివి జరుగుతాయని 1993లోనే అమెరికా వైద్య పత్రికలో వ్రాశారు. అటువంటి రోజున ఆ బేసిన్ దగ్గర నిలబడినది మూడు నెలల శిక్షణ పొందిన పిల్ల అయితే ఆమె గతి ఏమి? 2018లో ఢిల్లీలోని ఒక హోటల్ సెలూనులో జుట్టు అడిగినదానికంటె పొట్టిగా కత్తిరించినందుకు జాతీయ వినియోగదారుల కమిషన్ 2021లో 2 కోట్ల రూపాయల పరిహారం విధించింది. ఆధారాలు చాలవని సుప్రీంకోర్టు 2023లో ఆ మొత్తాన్ని రద్దుచేసి కేసును తిరిగి పంపిందనుకోండి. హోటలుకు వకీళ్లు ఉన్నారు. వైతికుప్పం పిల్లకు ఎవరున్నారు?

"బీమా కావాలంటే స్వయంగా కట్టుకోవచ్చును గదా, ఏడాదికి 20 రూపాయలే" అని ఉపదేశించే పెద్దలున్నారు. వారు చెప్పేది 2015లో ప్రారంభమైన సురక్షా బీమా యోజన సంగతి. తొలుత 12 రూపాయలు, 2022 జూన్ నుంచి 20. మన పోస్టాఫీసు ఖాతా ద్వారా కూడ కట్టవచ్చు. కట్టమనే మేమూ చెబుతున్నాము. కాని ఆ పథకం ఇచ్చేది ఎప్పుడు? ప్రమాదంలో మరణిస్తే, లేదా రెండు కళ్లో రెండు చేతులో పోతే 2 లక్షలు. ఒక కన్నో ఒక చేయో శాశ్వతంగా పోతే 1 లక్ష. కాలిన ముంజేతికి కట్టు కట్టించుకోవడానికి దానిలో ఒక పైసా లేదు. పదునెనిమిది నిండని పిల్లకు అసలే ప్రవేశం లేదు. 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలు "సరళ్ సురక్షా బీమా" అనే ప్రమాద పాలసీ అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ ఆదేశించింది. రెండున్నర లక్షల నుంచి మొదలు. అందులో ఆసుపత్రి ఖర్చు, పనికి పోలేని వారాల భత్యం అదనపు ప్రీమియంతో కోరుకోవలసినవి. అన్నింటినీ మించి, ఇవన్నీ ప్రమాదానికి బీమాలు. రంగు వల్ల నెలల తరబడి పగిలిన చేయి వారి లెక్కలో ప్రమాదం కాదు, వ్యాధి. వృత్తి వ్యాధికి పరిహారం అడగాలంటే ముందు కార్మికురాలినని నిరూపించుకోవలెను. తిరిగి తిరిగి మొదటి తలుపు దగ్గరికే వచ్చాము! ఇక ఖాతాదారుకు కలిగిన హానికి బాధ్యత వహించే పాలసీ వేరు. అది పిల్ల కొనవలసినది కాదు. ఆ ఖాతాదారు సొమ్ము పుచ్చుకున్న కేంద్రం కొనవలసినది.

ఇది సాధ్యం కానిదా? బ్రిటనులో ఈ వృత్తి సంఘాలు విద్యార్థి సభ్యత్వంతోపాటు బీమా కూడ ఇస్తున్నవి. నేర్చుకునే పిల్ల ఖాతాదారుపై చేయి వేసేముందే ఆ కాగితం చేతికి వస్తుంది. అంతదూరం ఎందుకు, మన తపాలా శాఖ చరిత్రే చూడండి. 1884 ఫిబ్రవరి 1న తపాలా ఉద్యోగుల కొరకు తపాలా జీవిత బీమా ప్రారంభమైనది. స్త్రీల ప్రాణానికి మరే కంపెనీ బీమా ఇవ్వని రోజులలో, 1894లో, తపాలా తంతి శాఖ స్త్రీ ఉద్యోగులకు ఆ బీమా వర్తించింది. పరాయి పాలనలో, లాభనష్టాల గుమాస్తాలు వద్దన్న చోట జరిగిన పని అది. మరి రైలులో ఇ-టికెట్టు కొన్నవానికి 2016 నుంచి రూపాయిలోపు రుసుముతో 10 లక్షల ప్రయాణ బీమా ఇవ్వగలిగారు. ఒక రాత్రి ప్రయాణానికి విలువ కట్టగలిగినవారికి ఆరు నెలల శిక్షణకు విలువ కట్టడం చేతకాలేదంటే మేము నమ్మము.

కనుక మేము కోరుతున్నది స్పష్టం. సొమ్ము చెల్లించే ఖాతాదారుపై శిక్షణార్థి చేయి వేసిన క్షణం నుంచి, ఫీజు కట్టినా కట్టకున్నా, గాయం విషయంలోను వృత్తి వ్యాధి విషయంలోను ఆమెను కార్మికురాలిగా పరిగణించాలి. కేంద్రం స్వంత ఖర్చుతో బృంద ప్రమాద బీమా, ఖాతాదారు బాధ్యత బీమా తీసుకున్న తరువాతనే శిక్షణకు అనుమతి ఇవ్వాలి. ప్రభుత్వ ఐ.టి.ఐ.లలో కాస్మెటాలజీ నేర్చుకునే వారితో ఇది ప్రారంభం కావాలి. ప్రభుత్వమే చేయనిది ప్రైవేటు కేంద్రం చేస్తుందా? పుదుచ్చేరి ప్రభుత్వం ఈ నిర్ణయం తీసుకుంటే అది వైతికుప్పంతో ఆగదు. గోదావరి ఒడ్డున ఉన్న మన తెలుగు యానాం కూడ ఆ పాలనలోనిదే.

ఈలోగా శాఖల కార్యకర్తలు చేయదగిన పని ఉన్నది. మీ కాలనీలో ఇటువంటి శిక్షణలో ఉన్న ఆడపిల్లలను కలుసుకోండి. చేరేటప్పుడు వారిచేత సంతకం చేయించిన కాగితం అడిగి చూడండి. "ప్రమాదాలకు సంస్థ బాధ్యత లేదు" అన్న వాక్యం ఉంటే ఒక నకలు తీసుకోండి. కార్మికుని విషయంలో అటువంటి ఒప్పందం చెల్లదని 1923 చట్టపు 17వ సెక్షన్ వంద సంవత్సరాల క్రిందటే చెప్పింది. ఏ రోజున ఎందరు ఖాతాదారులకు పనిచేసినదీ, ఎంత వసూలైనదీ చిన్న పుస్తకంలో తేదీలవారీగా వ్రాసుకోమని చెప్పండి. కార్మిక శాఖ ముందు ఆమె ఎవరని ప్రశ్న వచ్చిన రోజున, ఆ పుస్తకం సాక్ష్యానికి రావలెను. వైతికుప్పం పిల్ల ఇప్పటికే ఒకటి ప్రారంభించింది. ముంజేయి కాలిన తేదీ మొదటి పుటలోనే ఉన్నది.