పాత రికార్డు ఖరీదెంత?

వేసవి సెలవుల్లో తాతగారి ఊరు వెళ్ళి అటక ఎక్కారనుకోండి. పాత ట్రంకు పెట్టె వెనక ఒక అట్టపెట్టె కనిపించింది. దుమ్ము దులిపి మూత తీస్తే లోపల నల్లటి పళ్ళేలు, ఒక్కొక్కటి ఒక్కొక్క కాగితం సంచిలో! ఇవేమిటో మీకు తెలుసు. గ్రామఫోను రికార్డులు. వెంటనే మీకు తట్టే ప్రశ్న కూడా నాకు తెలుసు: "అమ్మితే ఎంతొస్తుంది?"

ఆ ప్రశ్న తప్పని నేననను. పాత రికార్డులు లక్షలు పలుకుతాయని మీరెక్కడో వినే ఉంటారు. అది అబద్ధమేమీ కాదు. ఇంగ్లండులో బీటిల్స్ అనే పాటల బృందం ఉండేది. వాళ్ళు 1968లో ఒట్టి తెల్ల అట్టతో రెండు రికార్డుల జత ఒకటి విడుదల చేశారు. తొలి ప్రతుల అట్టల మీద వరస అంకెలు వేశారు. ఒకటో అంకె ప్రతి ఆ బృందంలో డ్రమ్ములు వాయించిన రింగో స్టార్ దగ్గర ఉండిపోయింది. 2015లో దాన్ని అమెరికాలో వేలం వేస్తే 7,90,000 డాలర్లకు పోయింది. ఆనాటి మారకం లెక్కన అయిదు కోట్ల రూపాయల పైమాటే!

ఇప్పుడు కాస్త ఆలోచించండి. ఆ రికార్డులో ఉన్న పాటలు, లక్షలాది ఇళ్ళలో ఉన్న మిగతా ప్రతుల్లోనూ ఉన్నాయి. ఒక్క స్వరం ఎక్కువ లేదు, ఒక్క స్వరం తక్కువ లేదు. మరి ఆ డాలర్లన్నీ దేనికి? అట్ట మీది అంకెకు, అది ఎవరి ఇంట్లో ఉండేదన్న మాటకు!

ఇంకో తమాషా చెబుతాను. అదే బృందం పాటల రికార్డు ఒకటి 1966లో అమెరికాలో విడుదలకు సిద్ధమైంది. దాని అట్ట మీద మాంసం ముక్కలు, విరిగిన బొమ్మలు పట్టుకుని కూర్చున్న ఫోటో వేశారు. చూసినవాళ్ళు ఛీ అన్నారు. కంపెనీ కంగారు పడి అట్టలన్నీ వెనక్కి రప్పించి, చాలావాటి మీద కొత్త బొమ్మ అంటించి మళ్ళీ బజారుకు పంపింది. ఇప్పుడు సేకరించేవాళ్ళు వెతుక్కునేది ఆ ఛీ అనిపించుకున్న అట్ట కోసమే! తపాలా బిళ్ళలు దాచే అలవాటున్నవాళ్ళకు ఇది వింతగా తోచదు. తలకిందులుగా అచ్చయిన బిళ్ళకే కదా గిరాకీ.

అంటే బజారు ధర పాట ఎంత బాగుందో చెప్పదు. అలాంటి ప్రతులు ఎన్ని మిగిలాయి, ఎంత మంది అడుగుతున్నారు, గీతలు పడకుండా ఉందా, అట్ట చిరగకుండా ఉందా, ఇవే చెబుతుంది. 1974 ఫిబ్రవరిలో ఘంటసాల కన్నుమూశారు. ఆయన పాడిన భగవద్గీత రికార్డు ఆ తరవాత వెలువడి తెలుగువాళ్ళ ఇల్లిల్లూ చేరింది. మీ అట్టపెట్టెలో అది దొరికినా ఆశ్చర్యం లేదు. కానీ లక్షలు వస్తాయనుకోకండి. అందరి దగ్గరా ఉన్నదానికి అంత డబ్బెవరు పోస్తారు?

ఇక్కడే నాకు దిగులు. ఖరీదు రాదని తెలియగానే ఆ పెట్టె ఎక్కడికి పోతుంది? పాత సామాన్లవాడి తోపుడు బండి మీదికి.

అరుదైన రికార్డులు అసలు ఎలా అరుదయ్యాయో చూడండి. అమెరికాలో పారమౌంట్ పేరుతో రికార్డులు వేసిన కంపెనీ నిజానికి ఒక కుర్చీల కంపెనీకి పిల్ల. 1930 ప్రాంతంలో అది టామీ జాన్సన్ అనే నల్లజాతి గాయకుడి పాటలు చౌక రికార్డులుగా వేసింది. కొన్నవాళ్ళు అరగదీసి పారేశారు. కంపెనీ మూతపడ్డాక లోహపు మూల అచ్చులు కూడా చాలావరకు నిలవలేదు. ఆయన రికార్డు ఒకటి 2013లో 37,100 డాలర్లకు అమ్ముడుపోయింది. అప్పటికి ప్రపంచం మొత్తంలో దాని ప్రతులు రెండే ఉన్నట్టు తెలుసు! చౌకది కనుక పారేశారు, పారేశారు కనుక కరువైంది, కరువైంది కనుక ధర వచ్చింది. ఆ రెండు ప్రతులు కూడా పోయి ఉంటే? ధరా లేదు, పాటా లేదు.

విలువ కట్టే చెవులు కూడా కాలంతో మారతాయి. ముంబయిలో చరణ్‌జిత్ సింగ్ అని, హిందీ సినిమా పాటలకు వాద్యాలు వాయించిన ఒకాయన ఉండేవారు. 1982లో ఆయన అప్పుడే కొత్తగా వచ్చిన ఎలక్ట్రానిక్ వాద్య యంత్రాలు మూడింటితో పది రాగాలను డిస్కో దరువు మీద వాయించి రికార్డు వేయించారు. దాన్ని దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. కొన్నేళ్ళకు అమెరికాలోని చికాగోలో అదే తరహా యంత్రాలతో కొత్త రకం నాట్య సంగీతం పుట్టి ప్రపంచాన్ని ఊపేసింది. 2010లో సింగ్ గారి రికార్డు మళ్ళీ విడుదలయ్యాక విన్నవాళ్ళు నోరు వెళ్ళబెట్టారు: ఈయన ముందే ఈ పని చేశాడే! పాత ప్రతి కోసం వేట మొదలైంది. 1982లో మీరూ నేనూ ధర కట్టి ఉంటే ఎంత కట్టేవాళ్ళం?

ఇంకో రకం మనుషులున్నారు. వినైల్ రికార్డులకు మళ్ళీ మోజు వచ్చింది. 2022లో అమెరికాలో అవి సీడీల కన్నా ఎక్కువ అమ్ముడయ్యాయి, 1987 తరవాత అదే మొదటిసారి. దాంతో కొందరు కొత్త రికార్డు కొని, పైనున్న ప్లాస్టిక్కు పొర కూడా విప్పకుండా దాచేస్తున్నారు, ధర పెరిగాక అమ్ముదామని! వాళ్ళ డబ్బు వాళ్ళిష్టం. నాకు మాత్రం అది పొయ్యి మీద పెట్టకుండా దాచుకున్న బియ్యంలా కనిపిస్తుంది. వాయిస్తే అరుగుతుంది కదా అంటారా? నిజమే, కొద్దికొద్దిగా అరుగుతుంది. కానీ సరైన ముల్లుతో ఒకసారి వాయించి, ఆ శబ్దాన్ని కంప్యూటరులోకి ఎక్కించుకుంటే మళ్ళీ మళ్ళీ వాయించే పని ఉండదు.

ఆ నల్ల పళ్ళెంలో ఎంత ఉందో ఒక చిన్న లెక్క వేయండి. పెద్ద వినైల్ రికార్డు నిమిషానికి ముప్ఫై మూడు చుట్లు, ఇంకో మూడో వంతు తిరుగుతుంది. 20 నిమిషాలకు దాదాపు 667 చుట్లు. చుట్టు కొలత బయటి అంచున ఎక్కువ, లోపల తక్కువ. సగటున 64 సెంటీమీటర్లు అనుకోండి. గుణించండి. 400 మీటర్లకు పైనే వచ్చిందా? ఒక్క పక్కనే అంత పొడవు గాడి! ఆ గాడి గోడల వంకర్లే పాట.

నేనూ నేరస్థుణ్ణే, ఒప్పుకుంటాను. చిన్నప్పుడు మేనమామగారింట్లో పిల్లలం చేరి రెండు రికార్డులను సలసల మరిగే నీళ్ళలో ముంచి, గిన్నె మీద బోర్లించి పూలకుండీలు చేశాం. పెద్దవాళ్ళు కూడా బాగుందన్నారు. వాటి మీద ఎవరు పాడారో, ఏ పాట పాడారో మేమెవరమూ చదవలేదు. ఇప్పుడు అడుగుదామంటే చెప్పేవాళ్ళు లేరు.

కనుక మీ పెట్టె దొరికితే ముందు పేర్లు చదవండి. తరవాత పట్టుకుని చూడండి. బరువుగా, వంగకుండా, నిమిషానికి 78 చుట్లు తిరిగేదైతే చాలావరకు అది లక్క రికార్డు. 1948లో వినైల్ పెద్ద రికార్డులు వచ్చేదాకా లోకమంతటా ఎక్కువగా అవే. మన అడవుల్లో మోదుగ, రేగు కొమ్మల మీద లక్క పురుగులు చేసిన లక్కను రాతి పొడితో కలిపి చేసేవారు. చేయి జారితే పెంకుల్లా పగులుతుంది. మురికి పోతుందని స్పిరిటుతో తుడవకండి, లక్క స్పిరిటులో కరుగుతుంది! లక్క రికార్డు గాడి వెడల్పు, వినైల్ గాడి సన్నం. దీని ముల్లు దానికి పనికిరాదు. పాత గ్రామఫోను ఉక్కు ముల్లును వినైల్ మీద పెట్టారా, నాగలి పెట్టి దున్నినట్టే. ఏ రకమైనా ఎండ తగలనివ్వకండి, ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పుస్తకాల్లా నిలబెట్టండి.

అమ్మమ్మనో తాతయ్యనో పక్కన కూర్చోబెట్టుకుని, ఏది ఎప్పుడు కొన్నారో, ఎవరి పెళ్ళిలో వాయించారో ఒక నోటు పుస్తకంలో రాయండి. చివరగా రికార్డును దీపం కింద కాస్త వంచి చూడండి. గాడులు అయిపోయిన చోట, మధ్య కాగితానికి ఆనుకుని నున్నటి పట్టీ ఒకటుంటుంది. దాని మీద సన్నగా ఏవో అక్షరాలు, అంకెలు చెక్కి ఉంటాయి. అవి ఆ అచ్చు గుర్తులు. వాటిని కూడా ఎక్కించండి.