యాభై దాటినవాళ్లకో నోటిఫికేషన్

దిల్‌సుఖ్‌నగర్‌లో దొరకని కోచింగ్ లేదు. గ్రూప్స్‌కీ ఎస్సైకీ బ్యాంకు పరీక్షలకీ, జావాకీ పైథాన్‌కీ బోర్డులే బోర్డులు. మెట్రో పిల్లర్ల పక్కన నడుస్తుంటే చేతిలో పెట్టే పాంప్లెట్లన్నీ పాతికేళ్ల లోపు వాళ్లకే. జుట్టు నెరిసినవాడు చెయ్యి చాపితే, "మీ బాబుకి చెప్పండి అంకుల్" అంటూ ఇస్తారు. యాభై దాటినవాడు రాయాల్సిన పరీక్ష ఇక ఏదీ లేదని ఈ పేట తేల్చేసింది, ఏడాదికోసారి రక్తపరీక్ష తప్ప.

తెల్లవారుజామున విక్టోరియా మెమోరియల్ హోం గ్రౌండ్‌కి వెళ్లి చూడండి. అక్కడ రెండు రకాల జనం కనిపిస్తారు. పోలీసు ఉద్యోగానికి ప్రాక్టీసు చేసే పిల్లలు ఒక రకం, డాక్టర్ చెప్పాడని నడిచే పెద్దలు ఇంకో రకం. పిల్లల దగ్గర లెక్క ఉంది. 2022 నోటిఫికేషన్ ప్రకారం అబ్బాయిలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి, లాంగ్‌జంప్ 4 మీటర్లు దూకాలి. అమ్మాయిలకైతే 800 మీటర్లకి 5 నిమిషాల 20 సెకన్లు. ఆ అంకెలు వాళ్లకి నిద్రలో లేపి అడిగినా చెప్పేంత కంఠతా. పెద్దల దగ్గర అంకెలే లేవు. షుగర్, అల్లుడు, ప్లాటు రేటు, ఈ మూడింటి చుట్టూ మాటలు, గ్రౌండ్ చుట్టూ నడక. ఏళ్ల తరబడి అవే రౌండ్లు. వేగం మాత్రం తెలియకుండానే తగ్గుతూ వస్తుంది.

నడక తప్పని నేననను. కానీ తేదీ లేని చదువు ఎంత సాగుతుందో, తేదీ లేని వ్యాయామమూ అంతే సాగుతుంది. అందుకే మన వయసు వాళ్లకీ ఒక నోటిఫికేషన్ కావాలంటున్నాను. అర్హతలు, కొలతలు, గడువు అన్నీ ఉన్నది. నా ఓటు స్కైడైవింగ్‌కి. ముందు నవ్వేయండి, తర్వాత మాట్లాడుకుందాం.

జార్జ్ బుష్ సీనియర్ 1944లో యుద్ధంలో కాలిపోతున్న విమానంలోంచి దూకి బతికాడు. అధ్యక్ష పదవి దిగిపోయాక, 1997లో, 72 ఏళ్ల వయసులో ఈసారి తనకై తాను దూకాడు. ఆ తర్వాత 75, 80, 85, 90వ పుట్టినరోజుల్నీ అలాగే జరుపుకున్నాడు. టెక్సస్‌కి చెందిన ఆల్ఫ్రెడ్ బ్లాష్కే 2023 నవంబరులో 106 ఏళ్ల వయసులో దూకి గిన్నిస్‌కెక్కాడు. ఆయన మొదటి జంపే నూరేళ్ల వయసులో. మన సంగతికొస్తే, విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ 2024 మే 19న బ్లూ ఆరిజిన్ రాకెట్‌లో అంతరిక్షం అంచుకి వెళ్లొచ్చాడు కదా, ఆ క్యాప్సూల్‌లో పక్క సీట్లలో ఒకటి ఎడ్ డ్వైట్‌ది. 1960ల్లో వ్యోమగామిగా ఎంపిక కాకుండా మిగిలిపోయిన ఆయన 90 ఏళ్లకి ఆ ముచ్చట తీర్చుకున్నాడు. ఆ రోజు మూడు పారాచూట్లలో ఒకటి పూర్తిగా విచ్చుకోలేదు. మిగతా రెండూ వాళ్లను క్షేమంగా దించాయి.

అసలు ఈ దూకడంలో మన పనేమిటి? కొత్తవాళ్లకి టాండెమ్ జంప్. శిక్షకుడి ఛాతీకి మన వీపును బెల్టులతో, కొక్కేలతో బిగిస్తారు. దాదాపు 10 వేల అడుగుల ఎత్తులో విమానం తలుపు తెరుస్తారు. దూకిన కాసేపటికే శిక్షకుడు ఒక బుల్లి పారాచూట్ వదులుతాడు. ఇద్దరి బరువుకీ వేగం మితిమీరకుండా అది గంటకు 200 కిలోమీటర్ల దగ్గర ఆపుతుంది. అరనిమిషం అలా పడ్డాక, 5 వేల అడుగుల ప్రాంతంలో పెద్ద పారాచూట్ తెరుచుకుంటుంది. అక్కడి నుంచి ఐదారు నిమిషాలు గాలిలో తేలుతూ దిగడమే. సంచీలో రెండో పారాచూట్ కూడా ఉంటుంది. శిక్షకుడికి స్పృహ తప్పినా ఒక ఎత్తుకి రాగానే దాన్ని తెరిచే పరికరమూ ఉంటుంది.

మనం చేయాల్సింది రెండే. దూకేటప్పుడు నడుం ముందుకు, తల వెనక్కి వంచి, కాళ్లు వెనక్కి మడవాలి. దిగేటప్పుడు రెండు కాళ్లూ ముందుకు చాచి ఎత్తి పట్టుకోవాలి. ఈ రెండోదే అసలు పరీక్ష. కాళ్లు లేవకపోతే మన పాదాలు ముందు నేలకి తగులుతాయి, వెనకాల ఇద్దరి బరువూ వాటి మీద పడుతుంది. చీలమండకి ముప్పు అక్కడే. ఇప్పుడే కుర్చీ అంచున కూర్చుని, చేతులు ఆనించకుండా రెండు కాళ్లూ నేలకి సమాంతరంగా చాచి పది సెకన్లు నిలపండి చూద్దాం. రోజూ ఐదారు వేల అడుగులు నడిచేవాళ్లకీ మూడో సెకనుకే తొడలు వణుకుతాయి. నడక ఈ కండరాలకి పెద్దగా పని చెప్పదు మరి.

"వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లే దూకారట, మనకెందుకు ఇన్ని కసరత్తులు?" అనొచ్చు. నిజమే, బ్లాష్కేతోపాటు ఆ రోజు దూకిన టెక్సస్ గవర్నర్ గ్రెగ్ ఆబట్ వీల్‌చైర్ మనిషే. కాళ్లు కట్టి, కింద పట్టుకునేవాళ్లను పెట్టి దించుతారు. తప్పనివాళ్లకి ఆ ఏర్పాటు ఉండాల్సిందే. కానీ లేచి నిలబడగల మనిషి, డబ్బు కట్టి మరీ సామానులా దిగడంలో గొప్పేముంది?

ఇక అర్హతలు. మొదటిది బరువు. సాధారణంగా 90 నుంచి 100 కిలోల మధ్య ఎక్కడో గీత గీస్తారు. జంప్ పరికరాలకీ, దిగే వేగానికీ ఒక హద్దుంది. పెళ్లిభోజనాల సీజన్ అయ్యాక మనలో చాలామంది ఫెయిలయ్యేది ఈ పేపర్లోనే. రెండోది బీపీ, గుండె. తలుపు దగ్గర నిలబడ్డప్పుడు గుండె ఎలా కొట్టుకుంటుందో ఊహించుకోండి. బీపీ అదుపులో లేనివాళ్లు, గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ ఒప్పుకోనిదే పేరే ఇవ్వకూడదు. మూడోది ఎముకలు, వెన్ను, కళ్లు. ఎముకలు గుల్లబారినా, డిస్క్ జారినా, షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నా ముందు ఆ డాక్టర్ల మాట. జలుబు చేసినా వాయిదానే, దిగేటప్పుడు చెవులు పట్టేస్తాయి. ప్రమాదం సంగతీ దాచను. అమెరికా పారాచూట్ సంఘం లెక్కలో 2023లో దాదాపు 36.5 లక్షల జంపులకి 10 మంది చనిపోయారు. సున్నా కాదు. విజయవాడ హైవే మీద బండి నడిపేవాళ్లు భయపడాల్సినంతా కాదు.

సిలబస్‌లో మనం చదవకుండా వదిలేసిన పాఠం ఒకటుంది, బలం. ముప్పై దాటాక పదేళ్లకోసారి కండ 3 నుంచి 8 శాతం దాకా తరుగుతుందని, అరవై తర్వాత ఆ తరుగు ఇంకా వేగమని వైద్యులు చెబుతారు. ముసలితనంలో కండ పెరగదన్న మాట మాత్రం అబద్ధం. 1990లో అమెరికాలో మరియా ఫియటరోన్ బృందం ఒక వృద్ధాశ్రమంలో 86 నుంచి 96 ఏళ్ల వాళ్లతో ఎనిమిది వారాలు బరువులు ఎత్తించింది. కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైల్లో వాళ్లు పాసైన పేపర్‌ని మనం యాభైల్లో ఎగ్గొడుతున్నాం.

ఇంకో చిన్న పరీక్ష. ఏ ఊతమూ లేకుండా నేల మీద సక్లంముక్లం పెట్టుకుని కూర్చోవాలి, అలాగే లేవాలి. మొత్తం పది మార్కులు. చెయ్యి ఆనిస్తే ఒకటి, మోకాలు ఆనిస్తే ఒకటి కోత. బ్రెజిల్ వైద్యుడు క్లాడియో అరౌజో బృందం 51 నుంచి 80 ఏళ్ల మధ్య ఉన్న రెండు వేల మందికి ఈ పరీక్ష పెట్టింది. తక్కువ మార్కులు వచ్చినవాళ్లలో తర్వాతి ఏళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయని 2012లో ప్రకటించింది. పీట మీద కూర్చుని తిన్నన్నాళ్లూ మన అమ్మమ్మలు రోజుకి నాలుగైదుసార్లు ఈ పరీక్ష రాశారు. డైనింగ్ టేబుల్ వచ్చాక మనం మానేశాం.

ప్రిపరేషన్‌కి మన తూర్పు హైదరాబాద్ చాలు. మెట్రో స్టేషన్‌లో ఎస్కలేటర్ వదిలేసి మెట్లెక్కండి. మోకాళ్లు బాగుంటే దిగేటప్పుడూ మెట్లే, అది నేల తాకే ఘడియకి ప్రాక్టీసు. సరూర్‌నగర్ చెరువు దగ్గర గానీ హరిణ వనస్థలిలో గానీ నడిచేటప్పుడు మధ్యమధ్య మాట పెగలనంత వేగం పట్టండి. వినాయకుడి ముందు ఏడాదికోసారి తీసే గుంజీళ్లను వారానికి మూడురోజులు తీయండి. పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడండి. కుర్చీ అంచున కాళ్లెత్తడం రోజూ చేయండి. ఆర్నెల్లకి తేడా మీకే తెలుస్తుంది. ధైర్యం చూసుకోవాలంటే గండిపేట వైపు నిలువు గాలి సొరంగం ఉంది, విమానం లేకుండానే తేలొచ్చు. భుజం జారిన చరిత్ర ఉన్నవాళ్లు అక్కడికీ డాక్టర్‌ని అడిగే వెళ్లాలి.

కొత్తపేట పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారం తరలిపోయింది. మరుసటి ఏడాది ఆ జాగాలో పెద్దాసుపత్రికి పునాది వేశారు. ఆసుపత్రి కావాలి, కాదనను. నా ఫిర్యాదల్లా, అరవైల కోసం మనం వేసుకున్న ప్లాన్‌లో ఆసుపత్రి తప్ప ఇంకేమీ లేకపోవడం మీదే. హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది, మోకాలి ఆపరేషన్‌కి దాచిన డబ్బుంది. ఒళ్లు బాగుంటే ఏం చేద్దామన్న ఆలోచనే లేదు. నాదర్‌గుల్‌లో శిక్షణ విమానాలు ఎగురుతుంటే తలెత్తి చూసిన తరం మనది. ఎక్కాలన్న కోరిక పిల్లల ఫీజుల కింద నలిగిపోయింది.

ఆ పిల్లలే ఇప్పుడు డాలస్‌లోనో ఆస్టిన్‌లోనో ఉండి వీకెండ్‌కి స్కైడైవింగ్‌కి వెళ్తున్నారు. చూడ్డానికి వెళ్లిన అమ్మానాన్నల పని కింద బ్యాగులు పట్టుకుని ఫోన్లో వీడియో తీయడం. "నువ్వూ వస్తావా నాన్నా?" అని అడిగే పిల్లలు తక్కువ, "నీకు బీపీ కదా" అనేవాళ్లే ఎక్కువ. వాళ్లకి నా మాట ఒకటే. ఈసారి విజిటర్ వీసాకి కాగితాలు పంపేటప్పుడే జంప్ తేదీ కూడా చెప్పండి. తల్లులకీ తండ్రులకీ ఇద్దరికీ చెప్పండి. ఇండియాలోనే దూకిస్తామంటే హర్యానాలో నార్నౌల్ ఉంది, డీజీసీఏ అనుమతి ఉందో లేదో చూసి మరీ బుక్ చేయండి. చివర్లో డాక్టర్ వద్దంటే దూకొద్దు, పోయేది అడ్వాన్సు డబ్బే. ముందు మాత్రం కనీసం ఆర్నెల్ల గడువివ్వండి. గడువుంటే ఎలా చదవాలో దిల్‌సుఖ్‌నగర్ వాళ్లకి ఒకరు నేర్పనక్కర్లేదు.

– తూర్పువాసి