బంతుల లెక్క ఎవరి దగ్గర ఉంది?

అమెరికాలోని టెక్సాస్‌లో స్థిరపడిన మా శిష్యుడొకడు గత మాసంలో ఫోను చేశాడు. సలాంల అనంతరం అసలు విషయం చెప్పాడు: "మౌలానా సాబ్, మావాడికి పదకొండేళ్లు. బేస్‌బాల్‌లో కర్వ్‌బాల్ నేర్పించమని పట్టుబడుతున్నాడు. మోచెయ్యి పాడవుతుందని వాడి అమ్మీ వద్దంటోంది. మీరేమంటారు?"

మేము క్రికెట్ తప్ప ఎరుగము. కనుక తెలిసినవారిని విచారించి, కొంత చదివి, వారం తరువాత బదులిచ్చాము. ఇతర తల్లిదండ్రులకూ ఉపకరిస్తుందని ఆ మాటలే ఇక్కడ రాస్తున్నాము.

క్రికెట్‌లో స్పిన్ బంతి నేలను తాకి మలుపు తిరుగుతుంది. బేస్‌బాల్‌లో బంతి నేలను తాకకుండానే బ్యాటర్‌ను చేరాలి, మలుపంతా గాలిలోనే. మధ్యవేలును బంతి కుట్టు వెంబడి ఉంచి, అరచేతిని తలవైపు తిప్పి, బంతి చూపుడువేలి మీదుగా ముందుకు దొర్లేటట్లు వదులుతారు. అలా ముందుకు తిరుగుతూ పోయే బంతిని గాలి కిందికి నెడుతుంది. అదే కర్వ్‌బాల్. తలుపు పిడి తిప్పినట్లు మణికట్టును మెలిపెట్టడం కొత్తవారు చేసే పొరపాటు.

తల్లి భయం నిరాధారమైనది కాదు. ఆ వయస్సులో మోచేతి ఎముకల కొసలు ఇంకా గట్టిపడి ఉండవు. 1974లో టామీ జాన్ అనే పిచర్‌కు మోచేతి లిగమెంట్ తెగిపోగా, డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అతని కుడి చేతి నుండి తీసిన స్నాయువును ఎడమ మోచేతిలో అమర్చారు. అతడు 1975 అంతా ఆటకు దూరమై, 1976లో తిరిగి వచ్చాడు. అటువంటి శస్త్రచికిత్స అదే మొదటిది. నేడది హైస్కూలు పిల్లలకు సైతం జరుగుతోంది.

అయితే చేతికి పెద్ద ముప్పు కర్వ్‌బాల్ ఒక్కటే కాదని, అలసిన చేతితో మితిమీరి విసరడమేనని పరిశోధకులు తేల్చారు. లిటిల్ లీగ్ నియమం ప్రకారం 11, 12 ఏళ్ల పిల్లవాడు రోజుకు 85 బంతులకు మించి వేయరాదు. 66 గాని అంతకు మించి గాని వేస్తే నాలుగు రోజుల విశ్రాంతి తప్పనిసరి.

"అబ్బాయి ఎన్ని జట్లలో ఆడుతున్నాడు?" అని అడిగాము.

"రెండింటిలో."

"రెండింటి లెక్కా కలిపి చూసేదెవరు?"

అతడు మౌనం వహించాడు. ఏ కోచ్ లెక్క ఆ కోచ్‌దే. మొత్తం లెక్క ఇంట్లోనే ఉండాలి.

ముందు ఫాస్ట్‌బాల్‌తో గురి కుదరాలి, పిదప చేంజప్, పద్నాలుగేళ్ల ప్రాంతంలో కర్వ్‌బాల్ అని వైద్యులు చెబుతారు. "వద్దని ఊరుకోకు బేటా. ఎందుకు వద్దో, ఎప్పుడు నేర్పిస్తావో వాడికి చెప్పు. ఆడనివ్వరేమోనన్న భయంతో పిల్లలు నొప్పిని దాచుకుంటారు. దాచుకోనవసరం లేదన్న ధైర్యం వాడికి నీ దగ్గర కలగాలి" అన్నాము.

మొన్న మళ్లీ ఫోను చేశాడు. ఒక జట్టు మాన్పించారట. పుస్తకంలో లెక్క అమ్మీయే రాస్తోందట. పిల్లవాడు అలిగాడట. అలక నాలుగు రోజుల్లో తీరుతుంది. ఆ చెయ్యి మాత్రం వాడికి జీవితాంతం కావాలి.