పావుసేరు నెయ్యి – ఇద్దరు అన్నదమ్ములు

ప్రేంచంద్ 1910లో వ్రాసిన ‘బడే ఘర్ కీ బేటీ’ కథను ఈ నెల మన చదువరుల ముందు ఉంచుతున్నాము. పెద్దింటి బిడ్డ అని ఆ పేరుకు అర్థం. అందులో కలహానికి కారణం పావుసేరు నెయ్యి.

గౌరీపురం జమీందారు బేణీమాధవసింగు. వెనుకటి కలిమి లేదు. పెద్దకొడుకు శ్రీకంఠుడు బి.ఎ. చదివి, పట్నంలో ఉద్యోగం చేస్తూ శనివారాలు ఇంటికి వస్తాడు. చిన్నవాడు లాల్‌బిహారీ మంచి కండపుష్టి గలవాడు. ఒకనాడు అతడు రెండు పిట్టలను తెచ్చి వదిన ఆనందిని వండమన్నాడు. ఉన్న నెయ్యంతా మాంసానికే సరిపోయినది. పప్పులోకి చుక్క మిగలలేదు. మరిది ఆమె పుట్టింటిని ఎత్తిపొడిచినాడు. అక్కడ ఈపాటి నెయ్యి పనివాళ్ళే తింటారని ఆమె బదులు చెప్పినది. అతడు పావుకోడు విసిరినాడు. చేయి అడ్డుపెట్టినందున ఆమె తల దక్కినది గాని వ్రేలికి గట్టి దెబ్బ తగిలినది.

ఇది జరిగినది గురువారం. శనివారం సంగతి విన్న శ్రీకంఠుడు, ఆ ఇంట తానో తమ్ముడో ఒక్కరే ఉండవలెనని తండ్రితో చెప్పివేసినాడు. ఒకరు హుక్కా పీల్చే మిషతో, మరొకరు శిస్తు రసీదు చూపే మిషతో ఊరివారు వచ్చి తమాషా చూచినారు.

నాగపంచమినాడు తమ్ముడు కుస్తీలో గెలిస్తే గోదాలోకే వెళ్ళి కౌగిలించుకొన్న అన్న ఇతడే! ఏకాంతంగా పిలిచి రెండు చెంపకాయలు కొట్టినా తమ్ముడు ఓర్చుకొనేవాడు. ముఖం చూడననడమే అతనికి భరించరానిదైనది. వదిన గది వాకిట నిలబడి, తప్పు మన్నించమని ఏడ్చి, వెళ్ళిపోవడానికి తిరిగినాడు. అప్పుడు ఆనంది లేచి వచ్చి అతని చేయి పట్టుకొని ఆపినది. అది చూచి అన్న మనసు కరిగినది. ఇద్దరూ కౌగిలించుకొని ఏడ్చినారు.

నెయ్యి లెక్క ఎవరూ తేల్చలేదు. తీర్పూ ఎవరూ చెప్పలేదు. దెబ్బ తిన్న చేయే ముందుగా చాచబడినది. కథలోని గొప్ప అదే.

ఈ కథ మన కోలారు బంగారు గనుల ఇళ్ళకు దగ్గరిది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత మనవారెందరో తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు పోయి చీకటిపడి తిరిగి వస్తున్నారు. కొందరు అక్కడే ఉండి సెలవులకు వస్తారు. ఇంట్లో తగవు శనివారం దాకా ఆగడం లేదు. ఫోనులో ఆ నిమిషమే చేరుతున్నది. తగవు చేరుతున్నది గాని, గుమ్మం బయట నిలబడిన తమ్ముని కన్నీరు చేరడం లేదు. కనుక విన్న మాటమీద ఆనలు పెట్టుకొనేముందు ఒకసారి ఎదురుపడి చూచుకొనడం మంచిది.

వేరుకాపురమే తప్పని ఈ కథనుబట్టి అనుకోనక్కరలేదు. మన ముళబాగిలు దగ్గరి ఆవనిలో రామ, లక్ష్మణ, భరత, శత్రుఘ్నుల పేర నోలంబుల కాలపు శివాలయాలు ఉన్నవి. ఎవరి గుడి వారిదే. ప్రాకారం మాత్రం అందరికీ ఒక్కటే. అన్నదమ్ములు పొయ్యిలు వేరుచేసుకొన్నా రాకపోకలు నిలుపుకొంటే చాలును.

పండుగకు అందరూ కూడినప్పుడు ఈ కథను ఇంట్లో ఎవరైనా పైకి చదివి వినిపించండి. అరగంట కూడా పట్టదు.