ఎండు తునకల కుండకు మూత ఎందుకు?



ఒక ప్రశ్న సూటిగా అడుగుతున్నం. మన వాడల్లో పొయ్యి మీద ఎండు తునకలు ఉడుకుతుంటే తలుపు ఎందుకు దగ్గరకేయాల్సి వస్తున్నది? పట్నంల కిరాయి ఇంట్ల ఉండే మన పిల్లలు కూర వండే ముందు అగరుబత్తి ఎందుకు ముట్టించాల్సి వస్తున్నది? ఆఫీసుల టిఫిన్ డబ్బా విప్పిన మన ఉద్యోగి "మటన్" అని ఎందుకు చెప్పాల్సి వస్తున్నది? దొంగసొమ్ము తెచ్చినోడు తలుపు మూసుకుంటడు. లంచం లెక్కబెట్టుకునేటోడు మూసుకుంటడు. నాట్లేసి, కలుపు తీసి, ఆ కూలి పైసలతోటి కొనుక్కున్న కూర వండుకునే తల్లి ఎందుకు మూసుకోవాలె?

ఈ సిగ్గు మన ఇండ్లల్ల పుట్టింది కాదు. ఊరు మన నెత్తిన పెట్టిన మూట ఇది. ఎవరు పెట్టిండ్రో వాళ్ళ గుమ్మంలనే దించి రావాలన్నది మా మాట.

కుండల దాచిన పొదుపు

ముందుగాల ఈ కూర సంగతి చెప్పుకుందం. తిట్టేటోనికి ఇది తెల్వదు. తినేటోళ్ళ పిల్లలకు చేసే తీరు మరుపుకొస్తున్నది.

వాడల పశువును కోస్తే పోగులు వేస్తరు. ఒక పోగు కూర ఒక్క పూటల ఒడవదు. ఫ్రిజ్జు లేని ఇంట్ల అది మరునాటికి చెడిపోతది. అందుకే మన తల్లులు కూరను వేలెడు మందాన పొడుగ్గా చీరి, ఉప్పూ పసుపూ పట్టించి, దండేనికి వేలాడదీసిండ్రు. మూడు నాలుగు దినాలు గట్టి ఎండ కావాలె. రాత్రి మంచు తగలకుండ ఇంట్లకు తేవాలె. మబ్బు పట్టిన దినాలల్ల పొయ్యి మీద పొగకు కట్టాలె. గలగలమనేదాక ఎండినంక కుండల వేసి మూతికి గుడ్డ కడుతరు. నాలుగు కిలోల పచ్చికూర కిలో చిల్లరకు వస్తది. అప్పుడప్పుడు ఎండకు పోస్తే నెలల తరబడి నిలుస్తది.

వండే దినం గుప్పెడు తునకలు తీసి నిప్పుల మీద కాల్చి, రోట్ల నలగ్గొట్టి, వేన్నీళ్ళతోటి కడిగి, నానబెట్టి, మెత్తగ ఉడకబెడుతరు. ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, ఎల్లిగడ్డ వేస్తరు. ఆ తర్వాత ఇంట్ల ఏది ఉంటే అదే జత: పుంటికూర, చుక్కకూర, చింతచిగురు, దోసకాయ, వంకాయ, చిక్కుడు. పులుసు పలచబడితే చారెడు జొన్నపిండో బియ్యప్పిండో నీళ్ళల్ల కలిపి పోస్తే చిక్కబడతది. గుప్పెడు తునకలతోటి ఆరుగురు రొట్టె తింటరు. పని దొరకని ముసురు దినాలకు ఇది ఆధారం. బ్యాంకు ముఖం చూడని తల్లి కుండల దాచుకున్న పొదుపు ఇది. మరాఠ్వాడ దళితులు దీన్నే "చాన్యా" అంటరు. పేరు వేరైనా ఆకలి ఒక్కటే, తెలివి ఒక్కటే.

అక్కడ జ్ఞాపకం, ఇక్కడ నేరం

సముద్రం అవతల కూడా పేదలు ఇదే పని చేసిండ్రు. అమెరికాలో ఉప్పు పట్టించి ఎండబెట్టిన గొడ్డుమాంసాన్ని పలచటి రేకులుగ కోసి, కొవ్వుల గోధుమపిండి వేయించి, పాలు పోసి చిక్కటి పులుసు కాచి, అందుల ఆ రేకులు వేసి, కాల్చిన రొట్టె మీద పోసుకుంటరు. 1910 నాటి అమెరికా సైన్యపు వంటల పుస్తకంల ఈ వంట ఉన్నది. సైనికులు దీన్ని తిట్టుకుంట తిన్నరు. 1930ల కరువు దినాలల్ల కొద్ది మాంసంతోటి ఇంటిల్లిపాది కడుపు నింపుకునేటందుకు పేద తల్లులు దీన్ని వండిండ్రు. ఇప్పుడు అక్కడ అదే కూరను "మా నాయనమ్మ వంట" అని మురిసిపోతరు. హోటళ్ళల్ల పొద్దున ఫలహారం కింద పెడుతరు. ఎండు మాంసాన్ని సీసాలల్ల పెట్టి దుకాణాల్లో అమ్ముతరు.

మన నాయనమ్మ కూడా మాంసం ఎండబెట్టింది. ఆమె కూడా చారెడు పిండితోటే పులుసు చిక్కబరిచింది. అక్కడి నాయనమ్మ కూర ముచ్చట అయితే, మన నాయనమ్మ కూర అంటు ఎట్లయింది? తేడా గిన్నెల లేదు. తేడా కులంల ఉన్నది.

చట్టం పేరు చెప్పి బెదిరించేటోళ్ళకు

"గొడ్డుకూర తింటే కేసు" అని ఊర్లల్ల బెదిరించేటోళ్ళు తయారయిండ్రు. చట్టం ఏం చెబుతున్నదో ప్రతి కార్యకర్త నోటికి రావాలె. మన రెండు రాష్ట్రాలల్ల ఉన్నది 1977 నాటి గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం. దాని ప్రకారం ఆవును, దూడలను కొయ్యడం నేరం. పనికీ పాడికీ ఈతకూ పనికిరాని ఎద్దును, దున్నను, బర్రెను అధికారి సర్టిఫికెట్ మీద కొయ్యవచ్చు. కూర తినడాన్ని నేరం చేసే సెక్షన్ ఆ చట్టంల లేదు. తునకలు ఎండబెట్టుకుంటే నేరమనే సెక్షనూ లేదు. ఎవడన్న వచ్చి కుండ మూత తీయమంటే "ఏ సెక్షన్ కింద?" అని నిలబెట్టి అడగాలె.

బర్రె మాంసం ఈ దేశం నుంచి ఏటా పది లక్షల టన్నులకు పైగ ఓడలెక్కి పోతున్నది. ఆ డాలర్లకు అంటు లేదు. ఆ ఎగుమతి లెక్కలు చూసి ఏ సర్కారూ ముక్కు మూసుకోలేదు. మన దండెం మీద ఆరేసిన రెండు కిలోలు మాత్రం మతానికి ముప్పు అయింది!

ముసలి ఎద్దును అమ్మితేనే రైతుకు కొత్త ఎద్దుకు చేతిల పైసలు ఆడుతయి. 2017 మే నెలల కేంద్రం, సంతల్లో కోతకు పశువులను అమ్మొద్దని నిబంధనలు తెచ్చింది. మద్రాసు హైకోర్టు ఆపింది. ఆ స్టే దేశమంతటికీ వర్తిస్తదని అదే ఏడు జూలైల సుప్రీంకోర్టు చెప్పింది. ఎవుసం చేసేటోనికి తెలిసిన ఈ చిన్న లెక్క, ఒక్క దినం కూడా పేడ ఎత్తని గోరక్షకునికి తెల్వదు.

చచ్చిన పశువును ఎత్తిపారెయ్యమని పిలిచేది ఊరే, తోలు ఒలిస్తే కొట్టేదీ ఊరే. 2016 జూలైల గుజరాత్‌లోని ఊనాలో కొట్టిండ్రు. మరుసటి నెలనే మన అమలాపురంల, కరెంటు షాకుతో చచ్చిన ఆవు తోలు తీస్తున్న మన అన్నదమ్ములను కట్టేసి కొట్టిండ్రు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా యూనివర్సిటీల విద్యార్థులు పెద్దకూర పండుగ చేసుకుంటే రాళ్ళు పడ్డయి. చేసింది పని, తిన్నది తిండి. మరి ఏ తప్పుకు ఈ దెబ్బలు?

"అంబేద్కరే మానుమన్నడు గదా"

ఈ మాట మనోళ్ళల్ల చదువుకున్నోళ్ళు కొందరు అంటున్నరు. సగం తెలిసిన మాట ఇది. 1927ల మహాడ్‌లో బాబాసాహెబ్ మానుమన్నది చచ్చిన పశువు మాంసాన్ని. ఊరి పాచి అన్నం అడుక్కోవడం మానుమన్నడు. ఊరు పారేసినదాని మీద బతుకుడు మానుమన్నడు. అది వెట్టి మీద దెబ్బ. మార్కెట్ల కొనుక్కున్న మంచి కూర జోలికి ఆ మాట రాదు. 1948ల అచ్చయిన "అంటరానివారు ఎవరు" అనే పుస్తకంల ఆయన ఒకప్పుడు బ్రాహ్మణులు కూడా గొడ్డుమాంసం తిన్నరనీ, బౌద్ధంతో పోటీపడి తర్వాత మానిండ్రనీ, తినుడు మాననోళ్ళను అంటరానోళ్ళను చేసిండ్రనీ వాదించిండు. తిండి పేరు మీద అంటు ఎట్ల పుట్టిందో విప్పి చెప్పిన మనిషిని, ఆ అంటును కాపాడేటందుకు సాక్ష్యం పిలుస్తరా?

తినాలన్న బలవంతం ఎవరి మీదా లేదు. ఇష్టం లేనోడు మానవచ్చు. కానీ ఊరి కాపు మెచ్చుకుంటడని మానేటోడు ఒక్కటి యాదిలో పెట్టుకోవాలె. పప్పు తిన్నా వానికి హోటల్ల వేరే గ్లాసు పెట్టిన ఊర్లు ఇవి. కారంచేడుల, చుండూరుల మనోళ్ళను నరికినోళ్ళు ముందు ఏం కూర తిన్నరని అడిగిండ్రా?

ముక్క ఎవరికి, పులుసు ఎవరికి?

ఇంకొక మాట మన ఇంటి లోపలిది. చీరేది అక్క, ఎండబెట్టేది అక్క, దంచేది అక్క. వడ్డించే కాడ మొగోని గిన్నెల ముక్కలు, పిల్లల గిన్నెల నాలుగు ముక్కలు, చివరికి అక్కకు కుండ అడుగున పులుసు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడుండ్రి: 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్ళల్ల దేశంల నూటికి 57 మందికి రక్తం తక్కువ ఉన్నది. రక్తం పట్టించే ఇనుము ఆకుకూరల కంటే మాంసంల నుంచి ఒంటికి తేలికగ పడతది. ఆ మాంసం మన కుండల ఉండంగనే మన ఆడబిడ్డ నీరసంతోటి పొలంల కూలబడుతున్నది. ఊరితోటి సమానత్వం అడిగే మొగోడు ముందుగాల తన పొయ్యి కాడ సమానంగ పంచాలె. బాలింతకు, నెల తప్పిన బిడ్డకు మొదటి ముక్క పెట్టాలె.

ఏం చేద్దం?

ప్రతి వాడల ముసలి తల్లుల దగ్గర కూసొని తునకలు చేసే తీరు పిల్లలకు నేర్పాలె, మొగపిల్లలకు కూడా. కిరాయి ఇంటి ఓనరు "మీరు ఏం తింటరు?" అని అడిగితే "కిరాయి ఎంత?" అని అడగాలె. ఏప్రిల్ 14న చాలా కాడ జయంతి సభల్లో పెద్దోళ్ళు వస్తరని పులిహోర, చక్కెరపొంగలి పెడుతున్నరు. ఆ దినం వాడ నడుమ పెద్ద దేగిసాల ఎండు తునకలు, పుంటికూర ఉడకాలె. ఇష్టమైనోళ్ళు తినాలె, లేనోళ్ళకు పప్పూ ఉండాలె. వచ్చే నాయకుడు బంతిల కూసొని తింటడో, చెయ్యి కడుక్కొని పోతడో ఊరంత చూడాలె. ఓటు అడిగే దినం ఆ సంగతి యాదికి తేవాలె.

తలుపు తీయుండ్రి. కూర వాసన ఊర్లకు పోనియ్యుండ్రి. ముక్కు మూసుకునేటోడు మూసుకోని, మన తలుపు మాత్రం తెరిచే ఉండాలె.

జై భీం!