పళ్లెం బోర్లించి చూడండి

కర్నూలులోనో కడపలోనో ఒక పాత మిద్దె యింట్లో అద్దాల అలమర తెరిస్తే, నాలుగు జపాను పింగాణీ పళ్లాలూ, పిడి విరిగిన కప్పొకటీ కనిపించవచ్చు. వాటిలో అన్నం తిన్నవారు ఆ యింట్లో ఎందరుంటారు? మన భోజనం విస్తట్లోనో, కంచు కంచంలోనో సాగింది. పింగాణీ మన వంటింట్లో ఊరగాయ జాడీగా కుదురుకున్నది. పులుపు తగిలితే ఇత్తడికి చిలుము పడుతుంది. పింగాణీకి ఆ బాధ లేదు. అసలు ఆ మాటే మనకు ఫార్సీ నుంచి వచ్చింది. అక్కడ పింగాన్ అంటే గిన్నె.

ఆ పళ్లాలను పాత సామాన్లవాడికి వేసే ముందు ఒక్కసారి బోర్లించి చూడమని మనవి.

జపానులో ఈ విద్య క్యూషూ దీవిలోని అరితాలో, 17వ శతాబ్దం తొలినాళ్లలో మొదలయింది. నేర్పినవారు యుద్ధంలో కొరియా నుంచి పట్టి తెచ్చిన కుమ్మరులు. కడప బండల మీద పీటలు వేసుకుని భోంచేసిన మనకు ఒక సంగతి వింతగా తోచవచ్చు: అరితా పింగాణీకి మూలం కూడా రాయే! ఒక రకం తెల్ల రాతిని దంచి, నీటిలో వడగట్టి, ఆ ముద్దతో పాత్రలు చేసి, దాదాపు 1,300 డిగ్రీల వేడిలో కాలుస్తారు. మన మచిలీపట్నంలో కోఠీ పెట్టిన డచ్చి కంపెనీవారే 1650ల నుంచి ఆ పాత్రలను ఐరోపాకు చేరవేశారు. ఓడకెక్కిన రేవు పేరునబట్టి వాటికి ఇమారీ అని పేరు వచ్చింది.

భోజనపు సెట్టు కథ వేరు. 1904లో నగోయా దగ్గర నోరిటాకే గ్రామంలో ఒక కంపెనీ పుట్టింది. కప్పులు, పూలకూజాలు బాగానే కుదిరాయి. వెడల్పాటి చదును పళ్లెం మాత్రం కొలిమిలో వంకరపోయేది. పదేళ్లు పాటుపడి 1914లో గాని తొలి సెట్టును బయటకు తేలేకపోయారు.

ఇక అడుగున వుండే ముద్ర. అమెరికా 1891 నుంచి, దిగుమతి సరుకు మీద పుట్టిన దేశం పేరు వుండాలన్నది. 1921 దాకా ‘నిప్పన్’ అని వేశారు. అటు తరువాత ‘జపాన్’. యుద్ధంలో ఓడిన తరువాత, 1952 దాకా, కొన్నిటి మీద ‘ఆక్రమిత జపాన్’ అన్న ముద్ర వుండేది. మన దేశానికి వచ్చిన సరుకంతా ఈ లెక్కకు ఒదగకపోవచ్చు.

నాకు నచ్చిన ముద్ర ఒకటున్నది. యుద్ధం ముగిశాక మంచి సరంజామా దొరకక, పాత నాణ్యం రాలేదని, 1946 నుంచి 1948 వరకు నోరిటాకేవారు తమ పేరు వెయ్యలేదు. ‘రోజ్ చైనా’ అని వేశారు. పూట గడవటమే కష్టమైన రోజుల్లో పేరు నిలుపుకోవడమంటే అదీ!

కుండను వాయించి కొనే మనకు పింగాణీని పరీక్షించడం కొత్తేమీ కాదు. వేలితో మెల్లగా తట్టండి. బీట లేకపోతే ఖంగున మోగుతుంది. వెలుగుకు ఎదురుగా పట్టండి. మేలిరకమైతే వెనక వేళ్ల నీడ కనపడుతుంది. చింతపండూ బూడిదా వేసి మాత్రం తోమకండి, అంచున బంగారు గీత చెరిగిపోతుంది. పళ్లానికీ పళ్లానికీ మధ్య మెత్తని గుడ్డ వెయ్యండి.

మేలైన పాత పనితనం చూడాలంటే హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం వున్నది. మూడవ సాలార్‌జంగ్ కూడబెట్టిన వస్తువులతో 1951లో తెరిచిన ఆ మ్యూజియంలో జపాను గది తప్పక చూడండి.

సెట్టు పూర్తిగా లేదని చిన్నబుచ్చుకోకండి. నవాబుకు తగిన సంపద మనకెక్కడిది? ఆ నాలుగు పళ్లాలనూ ఎవరు, ఏ ఊళ్లో, ఏ శుభకార్యానికి కొన్నారో పెద్దవాళ్లుండగానే అడిగి, ఒక చీటీ మీద రాసి వాటి మధ్య వుంచండి. జపాను సంగతి అడుగునున్న ముద్ర చెబుతుంది. మీ యింటి సంగతి మీరే రాసిపెట్టాలి.