బండి బీమా అప్పిచ్చినవారి కొరకేనా?



ధర్మవరము, హిందూపురము, దొడ్డబళ్ళాపురముల నుండి చీరల మూటలను చిక్కపేటకు చేర్చుటకు మనలో పలువురు సొంత బండ్లు కొనుచున్నారు. అవి సాధారణముగా కంతుల మీద కొన్నవే. మగ్గము మీద ఒక అప్పు, బండి మీద మరొక అప్పు. ఇట్లుండగా బీమా కాగితమును చదువకుండ పెట్టెలో దాచుట మంచిది కాదని మా అభిప్రాయము.

చట్టము కోరునది వేరు, అప్పిచ్చినవారు కోరునది వేరు. 1988 మోటారు వాహనముల చట్టము 146వ సెక్షను ప్రకారము థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. మన బండి వలన ఇతరులకు కలుగు నష్టమునకే అది పనికివచ్చును. మన బండి నుజ్జయినను, దొంగలపాలైనను దానివలన ఒక్క పైసా రాదు. బ్యాంకువారును ఫైనాన్సువారును మాత్రము ఓన్ డ్యామేజి కూడ కలిసిన పూర్తి పాలసీని అడుగుదురు. బండియే వారి అప్పునకు హామీ గదా! అందుకే ఆర్.సి.లో హైపాథికేషన్ క్రింద వారి పేరు ఎక్కించి, పాలసీలోను చేర్పింతురు. బండి పూర్తిగా పోయినచో బీమా సొమ్ము ముందు వారి బాకీకి చెల్లును. మిగిలినది మనకు వచ్చును.

ఇది చూచి కొందరు, "ఈ బీమా వారి కోసమే, మనకేల?" అందురు. ఇది పొరపాటు. బండి కాలిపోయినను కంతులు కాలిపోవు. బీమా లేనినాడు లేని బండికి నెలనెలా కట్టుచుండవలెను. అప్పు తీరగానే థర్డ్ పార్టీతో సరిపెట్టుకొనుటయు తొందరపాటే. నాడు బండి పూర్తిగా మనది, కావున నష్టమును పూర్తిగా మనదే. బండి బాగా పాతబడి, దాని విలువకు ప్రీమియము గిట్టదని లెక్కవేసి మానినచో అది వేరు మాట.

మరికొన్ని సంగతులు గమనింపవలెను. 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త కారుకు 3 ఏండ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకొనవలెను. ఓన్ డ్యామేజి మాత్రము తరచుగా ఒక్క ఏడాదికే ఉండును. మూడేండ్లకు నిశ్చింత అని భ్రమపడరాదు.

చివరి కంతు కట్టిన వెంటనే అప్పిచ్చినవారి నుండి నిరభ్యంతర పత్రమును, 35వ నంబరు ఫారమును తీసుకొని ఆర్.టి.ఓ. ఆఫీసులో వారి పేరు కొట్టివేయించవలెను. పాలసీలోను తీయించవలెను. లేనిచో అమ్మునప్పుడును, క్లెయిము వచ్చినప్పుడును చిక్కు తప్పదు.

పాత బండి కొన్నవారు ఆర్.సి.తోపాటు పాలసీని కూడ తమ పేరికి మార్పించుకొనవలెను. అందుకు 14 దినములలోగా బీమా కంపెనీకి దరఖాస్తు చేయవలెను. అమ్మినవారును ఊరకుండరాదు. ఆర్.సి.లో పేరున్నవాడే యజమాని, ప్రమాదమునకు బాధ్యుడతడే అని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

అన్నింటికంటె మన వృత్తికి ముఖ్యమైనది ఒకటి ఉన్నది. సొంత కారు పాలసీ సరుకు రవాణాకు చెల్లదు. నమూనాలు, సొంత సామాను మాత్రమే అందుకు మినహాయింపు. సరుకు బండి పాలసీయైనను బండికే గాని అందులోని చీరలకు కాదు. సరుకునకు రవాణా బీమా వేరుగా తీసుకొనవలెను.

కావున మా సూచన ఇది. ఏటా పాలసీ తిరిగి కట్టుటకు ముందు సభ్యులు ఆర్.సి.ని, పాలసీని సంఘ కార్యాలయమునకు తేవలెను. చదువుకొన్న మన యువకులు వాటిని ప్రక్కప్రక్కన పెట్టి యజమాని పేరు, అప్పిచ్చినవారి పేరు, బండి వాడకము, గడువు తేదీ సరిచూచి పెద్దలకు చెప్పవలెను. పడుగులో తెగిన పోగును నేతకు ముందే అతుకుదుము గదా! కాగితములోని లోపమును కూడ ప్రమాదమునకు ముందే దిద్దుకొందము.